అల్లుని ఉప్పు, బాపు గోడ

బొగ్గుబాయి ఊరు,
హోళీ పోయిన తరువాతి సోమవారం.

అన్న రాజన్న పాదాలకు తమ్ముడు లింగయ్య దూరం నుండే వంగి మొక్కి రాసుకునే మాటలు.

ఇక్కడ నేను, బిడ్డ లచ్చవ్వ, అల్లుడు మల్లేశం అందరం బాగున్నాము. అక్కడ నీవు, వదినె, పిల్లలు, గొడ్డూ గోదా అన్నీ బాగున్నాయని తలుస్తాను. నీ మోకాళ్ళ నొప్పి తగ్గిందా? వదినె కంటికి పొర తీయించినారా లేదా? ఆ సంగతి నీవు కార్డులో రాయలేదు. రాయకపోతే నాకు బుగులుగా ఉంటుంది. నా గురించి మాత్రం మీరు ఫికర్ పెట్టుకోవద్దు. నేను బాగానే ఉన్నాను.

నీవు రెండు సంగతులు అడిగినావు. ఒకటి, నాకు ఈ ఊరు ఎట్లా ఉన్నదని. రెండవది, మనను కన్న బాపు గుడిలో బొమ్మలు వేసిన గోడ ఎట్లా ఉన్నది, అందులో నీ చేప ఎట్లా ఉన్నదని. ఉన్నది ఉన్నట్టు రాయుమన్నావు. మొదటిది తొందరగా అయిపోతుంది గనుక ముందు అదే రాస్తాను.

ఊరు పెద్దదే. మనుషులు చాలామంది. ఎవరు ఎక్కడివాళ్ళో తెలియదు. కరీంనగర్ దిక్కు వాళ్ళున్నారు, ఉత్తరాది వాళ్ళున్నారు, మరాఠీ మాట్లాడేవాళ్ళున్నారు. మన దగ్గర ముసలివాడు కనబడితే ఎవరి కొడుకు, ఎవరి ఇల్లు అని అడుగుతారు గదా. ఇక్కడ "ఏ బాయి తాతా?" అని అడుగుతారు. ఏ గనిలో పని అని. నేను ఏ బాయీ కాదు గనుక మాట అక్కడికే ఆగిపోతుంది. నాకూ అదే మంచిదనిపిస్తుంది. కాని కొన్ని దినాలు పొద్దంతా ఒక్క మాట మాట్లాడకుండానే గడిచిపోతుంది.

పొద్దున లేస్తే ప్రతి ఇంటి ముందర బొగ్గు పొయ్యి అంటుకుంటుంది. పొగ పైకి పోదు, నేల మీదనే పరచుకుంటుంది. తెల్ల ధోవతి కట్టుకుంటే మాపటికి పొగాకు రంగు. ముక్కు చీదితే నలుపు. ఎండలు అప్పుడే ముదిరినాయి. జొన్న రొట్టె తక్కువ, అన్నం ఎక్కువ. లచ్చవ్వ నా కొరకు వారానికి ఒకసారి రొట్టె చేస్తుంది. బిడ్డ ఇంట్లో ఉండి తినుడు నలుగురికి ఎట్లా కనబడుతుందోనని నేనే రాత్రిళ్ళు అల్లుని కిరాణా దుకాణంలో పడుకుంటానని చెప్పినాను. అల్లుడు వద్దనలేదు. దుకాణానికి కావలి ఉన్నట్టు కూడా అయింది. ఇబ్బంది ఏమీ లేదు. నేను బాగానే ఉన్నాను.

ఇక గోడ సంగతి. అన్నా, గోడ బాగాలేదు.

నీవు ఇక్కడికి వచ్చి ఎన్నో ఏండ్లయింది గనుక ముందు గుడి ఎట్లా ఉన్నదో చెబుతాను. బాపు బొమ్మలు వేసినప్పుడు గుడి చుట్టూ చెలుక, తుమ్మ చెట్లు. ఇప్పుడు గుడి ఇండ్ల నడుమ ఇరుక్కున్నది. మన అల్లుని దుకాణం గుడి వెనుక గోడకే ఆనించి కట్టినారు. అంటే దుకాణానికి వెనుక గోడ, గుడిలో బొమ్మల గోడ ఒక్కటే గోడ. ఇవతల సామాను, అవతల రాముడు.

పైనుండి మొదలు పెడతాను. రాముడు, లక్ష్మణుడు ఉన్నారు. మొఖాలు మసకబారినాయి. పొగ జిడ్డుగా పట్టింది. శనివారం శనివారం భక్తులు తడిగుడ్డతో తుడుస్తారు. మసితోపాటు గీత కూడా గుడ్డకు వస్తున్నది. బాపు సఫేదా పెట్టి వేసిన తెలుపంతా నల్లబడింది. రాముని ముత్యాల దండ బొగ్గుపూసల దండ లాగా ఉన్నది. కోతుల పండ్లన్నీ నల్లగా, తంబాకు నమిలిన ముసలోళ్ళ పండ్ల లాగా. చూస్తే నవ్వు వస్తుంది, వెంటనే ఏడుపు వస్తుంది. అదే సఫేదా నిర్మల్ దిక్కు మన ఇండ్లలో తెల్లగానే ఉన్నది. ఇక్కడి గాలిలోనే ఏదో ఉన్నది.

కింద ఇంకా అన్యాయం. వారధి కింద నీవు వేసిన సముద్రం నీకు యాదికి ఉన్నదా? ఎందుకు ఉండదు, అది నీ మొదటి పని. బాపు వారధి వేసి, కోతులను వేసి, "సముద్రం నువ్వు వెయ్ రా" అని కుంచె నీ చేతికి ఇచ్చినాడు. నేను నీలిమందు చిప్ప పట్టుకుని నిలబడ్డాను. నీవు అలలు చేప పొలుసుల తీరుగా వేసినావు. చేపలన్నీ వారధి దిక్కు పోతుంటే ఒక్క చేపను మాత్రం వారధికి వీపు పెట్టి అటు తిప్పి వేసినావు. బాపు చూసి కోపం చేసినాడు.

"గిదేందిరా, గిదొక్కటే అటు మొకం వెట్టింది?"

"అది మన లింగడు బాపూ. నలుగురు కనవడితే మొకం తిప్పుకుంటడు గదా."

బాపు నవ్వి ఊరుకున్నాడు. చేప అట్లనే ఉండిపోయింది. బాపు బొమ్మలు వేసిన దొర గడి గోడ కూలింది, మఠం గోడకు సున్నం కొట్టినారు. బాపు చేతి గోడ, నీ చేయి కలిసిన గోడ ఇది ఒక్కటే మిగిలింది. నేను ఈ ఊరికి రావడానికి బిడ్డ ఒక్కటే కారణం కాదని నీకూ తెలుసు.

ఆ సముద్రం ఇప్పుడు తెల్లగా పూసింది. ముందు బూజు అనుకున్నాను. దగ్గరికి పోయి చూస్తే సన్నగా, సూదుల తీరుగా, మెరుస్తూ ఉన్నది. ముట్టుకుంటే రాలుతుంది. దానితోపాటు నీలి రంగు పెచ్చులు పెచ్చులుగా రాలుతుంది. మొలక లేచేటప్పుడు మట్టిని ఎట్లా ఎత్తుతుందో అట్లా అది లోపలి నుండి రంగును ఎత్తి పడేస్తున్నది.

నేను అది చూస్తుండగానే ఒక ముసలమ్మ వచ్చి ఆ పొడి వేలికి అంటించుకుని నాలుక మీద పెట్టుకున్నది.

"ఓ అవ్వా! ఉప్పగనే ఉన్నదే! అచ్చం సముద్రమే!"

పక్కన ఉన్న ఆమె కోడలు కూడా నాకి చూసింది. "సముద్రం సూడాలంటే బందరు దాక పోవాల్నా అత్తా? మన రాముడు మన వాడకే తెచ్చిండు."

నీవు నవ్వుతావని తెలుసు. నేనూ ముందు నవ్వినాను. కాని ఇక్కడ అందరూ అదే నమ్ముతున్నారు. బొమ్మలో సముద్రం ఉన్న మేరకే ఉప్పు వచ్చింది గదా, మరి అది సముద్రం ఉప్పు కాక మరేమిటి అంటారు. బాయి దగ్గుకు మంచిదట. దిష్టికి మంచిదట. గోరుతో గీకి చీర కొంగులో కట్టుకుని పోతున్నారు. గోరు గీసినచోట చేప ఉన్నదా, తాబేలు ఉన్నదా ఎవరూ చూడరు.

అన్నా, ఆ ఉప్పు ఎక్కడిదో నాకు ఆ రాత్రే తెలిసింది. దుకాణంలో నేను పడుకునే చోట తలాపున దొడ్డుప్పు బస్తాలు ఉన్నాయి. వెనుక గోడకు ఆనించి, ఒకదాని మీద ఒకటి. వానకాలంలో పైకప్పు కారి అవి నానినాయని లచ్చవ్వ చెప్పింది. గోడ మీద చేయి పెడితే చల్లగా, చెమ్మగా ఉన్నది. బస్తాలు ఎంత ఎత్తు ఉన్నాయో జానలతో కొలిచి, తెల్లవారి గుడిలో అదే తీరుగా కొలిచినాను. సరిగ్గా వారధి అంచు దాకా వచ్చింది. సముద్రం గోడలో లేదు, మా అల్లుని బస్తాలో ఉన్నది.

అయితే నేను చదువుకున్నవాడిని కాను. కానిగి బడిలో అయ్యవారు చెప్పిన నాలుగు అక్షరాలే. పొగ చేసింది ఎంత, ఉప్పు చేసింది ఎంత, పాత గచ్చులోనే ఏమైనా ఉన్నదా, నాకు తెలియదు. అందుకే మెల్లగా గుడి పంతులును అడిగినాను. మంచి మనిషి. ఆయన నన్ను కసరలేదు.

"నాకూ తెల్వది లింగయ్యా. గని గీ గుళ్ళె దీపంల నూనె లేని దినాలు సూసిన. ఇప్పుడు మనుషులొస్తుండ్రు. నన్నేం జెయ్యమంటవ్?"

ఆయనకు దండం పెట్టి వచ్చినాను.

తరువాత అల్లుని దగ్గరికి పోయినాను. ఒక మాట నోట్లోకి తెచ్చుకోవడానికి నాకు ఎంత కష్టమో నీకు తెలుసు. గిరాకీ తగ్గే దాకా నిలబడి చెప్పినాను, ఆ ఉప్పు బస్తాలు జర ఇవతలికి జరపరాదా అని. ఎందుకో కూడా చెప్పినాను. అతను తక్కెడ తుడుస్తూ విన్నాడు.

"ఏడవెట్టాలె మామా? నా నెత్తి మీదనా? గోడ జరంత ఉప్పు తింటే తప్పా? ఊరంత నా ఉప్పే తింటది. నువ్వు గూడ."

అతను నవ్వుతూనే అన్నాడు. చెడ్డవాడు కాడు. నాకు చెప్పులు తెచ్చిపెట్టినాడు, జ్వరం వస్తే దవాఖానకు తీసుకపోయినాడు. కాని నువ్వు గూడ అన్న ఆ చివరి మాట నన్ను వదలలేదు. నిజమే గదా. తినేది అతని ఉప్పు. ఉప్పు తిని అతని బస్తాల మీద పేచీ పెట్టుడు ఏమి మర్యాద?

ఆ మాపు నుండి నేను ఉప్పు మానినాను. నీకు యాదికి ఉన్నదా, దేవుని బొమ్మకు కండ్లు దిద్ది కన్ను తెరిచే దినం బాపు చప్పిడి తినేవాడు గదా. అది మనసులో పెట్టుకున్నాను. చప్పిడి అన్నం, చప్పిడి పప్పు. కొన్ని దినాలు ఇట్లా తింటే అతని ఉప్పు ఒంట్లో నుండి పోతుందని, అప్పుడు నా నోరు నాదవుతుందని అనుకున్నాను. నీవు పిచ్చివాడా అంటావేమో. అను. ఆ చప్పిడి తిండితో నోరు రాలేదు గాని నీరసం మాత్రం వచ్చింది.

లచ్చవ్వ పట్టేసింది. "గిదేంది బాపూ, కూరల ఉప్పు వద్దంటవ్?"

"నోరు పొక్కింది బిడ్డా."

"నోరు పొక్కితే కారం మానుతరు. ఉప్పు మానుడేంది?"

బస్తాల మాట ఆమె చెవిన పడే ఉంటుంది, నా మొఖం చూసి ఉప్పు గిన్నె లోపల పెట్టేసింది. మరునాడు మధ్యాహ్నం నేను, అల్లుడు అన్నానికి కూర్చున్నాము. అల్లుడు ఒక ముద్ద పెట్టుకుని ఆగినాడు.

"ఏందే గిది? సప్పిడి కూర!"

"ఉప్పంత గోడకు వోతున్నది గదా. మనకెట్ల సరిపోతది?" అన్నది లచ్చవ్వ, అన్నం వడ్డిస్తూనే. "మా బాపు ఎన్ని దినాల నుండి గిట్లనే తింటుండో సూసినవా? ఎప్పుడన్న ఆయన కంచం దిక్కు సూసినవా?"

అల్లుని మొఖం ఎర్రబడింది. నాకు లేచి పోవాలని అనిపించింది. అతను కంచం పక్కకు జరిపినాడు. ఆ తరువాత అతను నా దిక్కు తిరిగినాడు.

"నోరు తెరిచి ఒక్క మాట జెప్పొచ్చు గద మామా! గిట్ల సప్పిడి తినుడెందుకు?"

చెప్పినాను గదా అనబోయి ఊరుకున్నాను. అన్నా, నా బతుకంతా ఇదే. నేను చెప్పినది ఎవరికీ వినబడదు. చెప్పనిది మాత్రం తప్పవుతుంది.

ఆ సాయంత్రమే అతను బస్తాలన్నీ ఎదురు గోడకు, చెక్కల మీదికి మార్చినాడు. లచ్చవ్వ నా కంచంలో తానే ఉప్పు వేసింది. నేను తిన్నాను. బిడ్డ ముందర నిలబడి వేస్తే ఎట్లా వద్దంటాను? గోడ బతికిందని అనుకున్నాను. ఆ రాత్రి బాగా నిద్ర పట్టింది.

ఇక్కడే నా ఖర్మ చూడు. బస్తాలు తీసినాక గోడ ఎండుడు మొదలైంది. ఎండలు కూడా ముదిరినాయి గదా. లోపల తాగిన ఉప్పంతా బయటికి తన్నుకొచ్చింది. ఇంతకుముందు దుమ్ము తీరుగా ఉన్నది, ఇప్పుడు పత్తి పగిలినట్టు తెల్లగా పూసింది. గుడి నిండా జనం. శ్రీరామ నవమి దగ్గరికొచ్చిందని సముద్రం పొంగిందట! బయట కొబ్బరికాయలకు గిరాకీ. అల్లుడు నన్ను చేయి పట్టుకుని గుడిలోకి తీసుకపోయి చూపించినాడు.

"సూసినవా మామా, బస్తలు దీసినా ఉప్పు వస్తనే ఉన్నది. మరి నా బస్తల తప్పెట్లయితది? గిది దేవుని పనే."

పెండ్లయిననాటి నుండి గుడిలో అడుగు పెట్టనివాడు, అన్నా, చెంపలు వేసుకున్నాడు! ఎండుతుంటేనే ఉప్పు బయటికి వస్తుందని నేను ఎట్లా చెప్పాలె? నా మాటనే నా మీదికి తిప్పినాడు. కోపం ఎవరి మీద చూపించాలో తెలియక ఆ దినం దుకాణంలో చింతపండు ఈనెలు తీస్తూ కూర్చున్నాను. నిజం చెప్పితే సగం చింతపండు నలిపేసినాను.

ఇప్పుడు అసలు ఆపద వచ్చింది. గుడి పెద్ద కొమురయ్య, బాయిలో కూలీల మీద సర్దారుగా చేసినవాడు, ఒక మాట పుట్టించినాడు. నవమి పొద్దున గోదావరి నీళ్ళు బిందెలతో తెచ్చి ఆ గోడకు అభిషేకం చేయాలట. నీళ్ళు పోస్తే ఉప్పు ఇంకా వస్తుందని, అందరికీ ప్రసాదం అందుతుందని. బిందెలు ఇస్తానని ముందు చేయి ఎత్తినది మన అల్లుడే. ఆ నీళ్ళు పడితే ఉన్న ఉప్పు కరిగి మళ్ళీ లోపలికి పోతుంది, మళ్ళీ ఎండుతుంది, ఈసారి పైపొరను మొత్తంగా ఊడదీస్తుంది. సముద్రం పోతుంది, వారధి పోతుంది, మెల్లమెల్లగా రాముని పాదాలూ పోతాయి. బాపు చేయి పోతుంది.

ఉగాది నాడు పంచాంగం వినడానికి అందరూ గుడిలో కూడుతారు. అభిషేకం ఖాయం చేసేది అప్పుడే. అడ్డం చెప్పాలంటే అప్పుడే చెప్పాలి. పంతులు కూడా అదే అన్నాడు. "నేను నోరు తెరిస్తే నా తిండి వోతది లింగయ్యా. నువ్వు గీ గోడ వేసినోని కొడుకువు. నువ్వు లేస్తే నేను కాదనను."

అంటే నేను లేవాలి. నలుగురిలో నిలబడాలి. అల్లుడు ఇస్తానన్న బిందెలు వద్దనాలి, అదీ అతని ఉప్పు తింటూ. అల్లుని పరువు అందరి ముందర తీసిన మామ అంటారు. లచ్చవ్వ నడుమ నలిగిపోతుంది. ఈ సంగతి బిడ్డకు చెప్పినాను. ఆమె చాటలో బియ్యం చెరుగుతూ విన్నది.

"చెప్పు బాపూ. ఆయన రెండు దినాలు అలుగుతడు, మూడో దినం అన్నానికి వస్తడు. గోడ మల్ల వస్తదా?"

బిడ్డ చెప్పిన తరువాత కూడా నాకు ధైర్యం చాలలేదు. అందుకే ఈ ఉత్తరం. నీకు ఒక్క పని చెబుతున్నాను, చిన్నదే. వదినె తమ్ముడు ఇక్కడికి దగ్గరి మంచిర్యాలకు వస్తున్నాడని రాసినావు గదా. అతని చేతిలో మన ఇంటి ఉప్పు కుండలో నుండి ఒక దోసెడు ఉప్పు గుడ్డలో మూట కట్టి పంపు. ఉగాదికి ముందే అందాలి. ఉప్పు దుకాణం వాని ఇంటికి ఉప్పు పంపుతావా అని వదినె నవ్వుతుంది. నవ్వనీ. ఆ దినం పచ్చడిలో, అన్నంలో నీ ఉప్పే వేసుకుంటాను. నీ ఉప్పు తిని నీ గోడ కొరకు మాట్లాడితే ఎవరికీ ద్రోహం కాదు గదా. ఏమి మాట్లాడాలో కూడా పొట్టిగా రాసి పంపు. పొడుగు రాయకు, నేను మరచిపోతాను. "గోడ తడపకుండ్రి" అంటే చాలా, ఇంకేమైనా అనాలా? రాలిన ఉప్పును మెత్తని ఎండు కుంచెతో దులుపుకుని ప్రసాదమని తీసుకోండ్రి, గీకకుండ్రి అని చెప్దామని అనుకుంటున్నాను. వాళ్ళ నమ్మకం వాళ్ళకు ఉంటుంది, గోడ మనకు ఉంటుంది. ఇది తప్పా ఒప్పా నీవే చెప్పు.

వదినెకు నా మొక్కులు చెప్పు. పొద్దున పూట కంటికి గాలి తగలనీయవద్దని చెప్పు. పెద్దవ్వకు దండం. పిల్లలకు నా దీవెనలు. మన బర్రె ఈనిందా, దూడ ఏమిటో రాయి. లచ్చవ్వ నీకు, వదినెకు మొక్కుతున్నది. అల్లుడు కూడా "పెద్దమామకు దండాలు రాయి" అని ఇప్పుడే అన్నాడు. ఏమి రాస్తున్నానో అడగలేదు. నేను బాగానే ఉన్నాను, ఫికర్ చేయవద్దు.

నీ చేప సంగతి చివరికి పెట్టినాను, రాయబుద్ధి కాక. వారధి దిక్కు పోయే చేపలన్నీ రాలిపోయినాయి. మొఖం తిప్పుకున్న ఆ లింగడు చేప ఒక్కటే మిగిలింది. తోక పోయింది, పొలుసులు పోయినాయి. తల మాత్రం ఉన్నది. దానికి నోరు ఇంకా ఉన్నది అన్నా. ఉప్పు తొందరగా పంపు.

నీ దీవెన కొరకు చూసే తమ్ముడు,
లింగయ్య